మేస్త్రి జవాబు: కొత్త కారును ముందు గోడకు చూపించండి

ప్రశ్న: మేస్త్రి గారూ, నమస్కారం. మేము ఇంగ్లండులోని రీడింగ్‌లో ఉంటున్నాం. నెల కిందట కొత్త ఎస్టేట్ కారు తీసుకున్నాం. మన దగ్గర స్టేషన్ వ్యాగన్ అనేవారే, పైకప్పు వెనకదాకా సాగి, డిక్కీ గదిలా ఉంటుంది, ఆ రకం. మా వారు, నేను, ఐదేళ్ల బాబు, ఆరు నెలలు ఉండడానికి గుడివాడ నుంచి వచ్చిన అత్తయ్య గారు, మామయ్య గారు. ఐదుగురికీ సామానుకూ సరిపోవాలని ఇది చూసుకున్నాం. షోరూం కుర్రాడు అరగంటలో కారు అప్పగించాడు. ఆ అరగంటా తెర మీద పాటలు ఎలా పెట్టాలో, ఫోను ఎలా కలపాలో చూపించడానికే సరిపోయింది.

మొదటి వారం రాత్రిపూట నేనొక్కదాన్నే నడిపితే ముందు రోడ్డు చాప పరిచినంత మేరే కనిపించింది. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఒకటుంది. అది 3 దగ్గర ఉంది. స్నేహితురాలు 0కి తిప్పమంది. తిప్పగానే రోడ్డంతా బాగా కనిపించింది. ఆ తర్వాత హీత్రో నుంచి అత్తయ్య గారిని, మామయ్య గారిని తీసుకువస్తుంటే ఊరి దగ్గర చిన్న రోడ్డు మీద ఎదురొచ్చిన కార్లన్నీ లైటు కొట్టాయి. నేను డిమ్‌లోనే ఉన్నాను. ఇంటికొచ్చి గ్యారేజీ తలుపు మీద చూస్తే కుడి లైటు గీత ఎడమదాని కన్నా మూడు వేళ్లు పైన ఉంది. షోరూంకు ఫోను చేస్తే, కొత్త కారు కదా, ఫ్యాక్టరీలోనే సరిచేసి పంపుతారు అన్నారు. వేసవిలో ఇదే కారులో ఫ్రాన్సు వెళ్దామనుకుంటున్నాం. స్క్రూ ఎక్కడుందో చెబితే మా వారు తిప్పేస్తానంటున్నారు. తిప్పవచ్చా?
– ఒక పాఠకురాలు, రీడింగ్

జవాబు: అమ్మా, మీ వారిని ముందు ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టమనండి. మీ ఉత్తరంలో మూడు వేరువేరు జబ్బులు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తున్నాయి. ఒకటి మీ చేతి మీదుగా వచ్చింది. ఒకటి కారుతో పాటు వచ్చింది. మూడోది ఇంకా రాలేదు, ఫ్రాన్సులో దిగాక వస్తుంది.

మొదటిది చక్రం సంగతి. 0 అంటే ఆపేసినట్టు అని చాలామంది అనుకుంటారు. కాదు. 0 దగ్గర లైటు తన పూర్తి ఎత్తులో నిలబడి ఉంటుంది. 1, 2, 3 అంటే అంతకంతకూ తల దించినట్టు. ఆ చక్రం లైటును కిందికి వంచగలదే గానీ 0 కన్నా పైకి ఎత్తలేదు. మీకు కారు ఇచ్చినప్పుడు ఎవరో 3 దగ్గర వదిలేశారు, మీరు చాప చూశారు. స్నేహితురాలు 0కి తిప్పించడం తప్పు కాదు, మీరొక్కరే ఉన్నప్పుడు ఉండవలసింది అక్కడే. విమానాశ్రయం నుంచి ఐదుగురు మనుషులు, నాలుగు పెద్ద పెట్టెలు ఎక్కాక కూడా అక్కడే ఉంచారు చూడండి, తేడా వచ్చింది అక్కడ.

ముందు సీట్లలో మాత్రమే మనుషులుండి డిక్కీ ఖాళీ అయితే 0. సీట్లన్నీ నిండి డిక్కీ ఖాళీ అయితే 1. సీట్లూ డిక్కీ రెండూ నిండితే 2. డ్రైవరు ఒక్కరే ఉండి డిక్కీ నిండా బరువుంటే 3. చాలా కార్లలో లెక్క ఇలాగే ఉంటుంది. మీ కారు పుస్తకంలో వేరుగా రాసి ఉంటే పుస్తకం మాటే వినండి. మనుషులు తగ్గితే అంకె పెరగడమేమిటని మీకు అనుమానం రావాలి. మామయ్య గారిని అడగండి, పొలంలో నీళ్లు తోడే ఏతాం చూసిన వయసే అయి ఉంటుంది. స్తంభం మీద ఆనిన ఏతాం మాను మీద వెనక్కి నడిస్తే ముందు కొస లేస్తుంది, ముందుకు నడిస్తే దిగుతుంది. కారుకు ఆ స్తంభం లాంటిది వెనక ఇరుసు. వెనక సీటు ఆ ఇరుసుకు కాస్త ముందే ఉంటుంది. డిక్కీలో బరువులో చాలా భాగం ఇరుసు వెనక పడుతుంది, ఎస్టేట్ కారులో మరీనూ. ముందు సీట్లో ముక్కును అణచిపట్టే మనిషి కూడా లేకపోతే కారు తల ఎత్తుకుని పోతుంది. అందుకే 3.

ఎంత కుంగితే ఎంత లేస్తుందో ఒక్కసారి లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఇది కళ్లారా చూసేదాకా నేనూ నమ్మలేదు. మీ బానెట్ ఎత్తి లైటు దగ్గర వెతకండి. చిన్న లైటు బొమ్మ, దాని పక్కన 1.0% అనో 1.2% అనో ఉంటుంది. లైటు కాంతి పై అంచు ముందుకు పోయేకొద్దీ ఎంత దిగాలో చెప్పే అంకె అది. 1 శాతం అంటే పది మీటర్లకు పది సెంటీమీటర్లు. లైటు నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ అంచు 65 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అదే 3 శాతం వంచితే 22 మీటర్లకే తాకుతుంది. మీరు గంటకు 60 మైళ్లలో పోతుంటే ఆ 22 మీటర్లు దాటడానికి సెకను కూడా పట్టదు. మీ చాప కథ ఇది.

ఇప్పుడు రెండో వైపు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం మీ కారులో దాదాపు 2.7 మీటర్లు ఉంటుంది. దానిలో 1 శాతం అంటే 2.7 సెంటీమీటర్లు. వెనక భాగం వేలెడు మందం మీద కాస్త ఎక్కువ కుంగితే చాలు, ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన ఆ 1 శాతం వంపు చెల్లుకుపోయింది. గీత నేలను తాకడం మానేసి తిన్నగా ఎదుటివాడి కళ్ల దాకా పోతుంది. ఇరవైమూడేసి కిలోల పెట్టెలు నాలుగు, చేతిసంచులు, వెనక సీట్లో ముగ్గురు. వేలెడు కుంగదా?

ఈ పాఠం నాకు నేర్పింది మంగళగిరి చీరల వ్యాపారి ఒకాయన. విజయవాడ ఆటోనగర్‌లో 1981లో హెల్పరుగా చేరాను. తొంభైల నాటికి లైట్లు, వైరింగు పనికి నా షెడ్డు ముందు బండ్లు వరుస కట్టేవి. టాటా ఎస్టేట్ 1992లో వచ్చింది. మన దేశంలో ఇంటి కారుగా ఆ ఆకారం అప్పట్లో వింతే. ఈయన ఒకటి కొన్నాడు, చీరల మూటలకు వీలుగా ఉంటుందని. సాయంత్రం లైటు ఫోకస్ చూడమని తెచ్చాడు. ఖాళీ బండిని మా షెడ్డు గోడకు ఎదురుగా నిలబెట్టి, సుద్దముక్కతో గీత కొట్టి, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేశాను. అంత ముచ్చటగా కుదిరిన పని అదే మొదటిసారి అనిపించి పక్క షెడ్డువాళ్లను పిలిచి మరీ చూపించాను. రెండు రోజుల తర్వాత ఆయన విశాఖ వెళ్లి తిరిగొచ్చి, బండి దిగకుండానే హారన్ కొట్టి పిలిచాడు. దారి పొడుగునా లారీవాళ్లు తిట్టారట, తుని దగ్గర ఒకతను బండి ఆపించి మరీ తిట్టాడట. వెనక తలుపు తీసి చూపించాడు. అడుగు నుంచి కప్పు దాకా మూటలు. ఆ మూటలతోనే బండిని గోడ ముందు పెట్టించాను. నా సుద్దగీత మీద జానెడు పైన ఉంది వెలుగు. అప్పటిదాకా నా దగ్గరకు వచ్చిన బండ్లలో ఇలాంటి చక్రమేదీ లేదు. ఉన్న దారి ఒకటే, మూటలు వేసుకునే బండిని మూటలతోనే సరిచేయడం. ఆ రోజు నుంచి లైటు ముట్టుకునే ముందు వెనక ఏం వేస్తారని అడగడం అలవాటైంది. మీకు చక్రమే వేలి కొసలో ఉంది, వాడుకోండి.

ఇక రెండో జబ్బు, కుడి లైటు. ఇది మీరు చేసింది కాదు. చక్రం తిప్పితే రెండు లైట్లూ కలిసి దిగుతాయి. బరువు వేస్తే రెండూ కలిసి లేస్తాయి. ఒక్కటే మూడు వేళ్లు ఎక్కి కూర్చుందంటే ఆ లైటు మటుకు తన చోట లేదు. పైగా అక్కడా మనలాగే ఎడమ పక్క నడుపుతారు కాబట్టి ఎదుటివాడికి దగ్గరగా ఉండేది కుడి లైటే. మీకు లైటు కొట్టినవాళ్లలో సగం మంది దాని గురించే కొట్టి ఉంటారు.

అయినా షోరూంకు మళ్లీ ఫోను చేసే ముందు ఒకసారి కొలవండి. కొలత చేతిలో ఉంటే మాట్లాడే పద్ధతే మారిపోతుంది. టైర్లలో గాలి ముందు చూడండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే చీటీ మీద ఉంటుంది. దూరం నుంచి వచ్చే కొత్త కార్ల టైర్లలో గాలి ఎక్కువ కొట్టి పంపుతారు, అప్పగించే ముందు తగ్గించాలి. తగ్గించడం మరిచిపోయేవాళ్లు ఉంటారు. డిక్కీ ఖాళీ చేయండి. చక్రం 0 దగ్గర పెట్టండి. డ్రైవరు సీట్లో మీ వారు కూర్చోవాలి. డెబ్బైఐదు కిలోల మనిషి కూర్చున్నట్టు లెక్కవేసే ఫ్యాక్టరీ వాళ్లు ఆ శాతం రాస్తారు. కారును గోడ దగ్గరకు, బంపరు దాదాపు తగిలేదాకా తీసుకువెళ్లి ఒక్కో లైటు నడిబొడ్డుకు ఎదురుగా గోడ మీద రంగు టేపు ముక్క అంటించండి. తర్వాత తిన్నగా ఐదు మీటర్లు వెనక్కి రండి. వెనక భాగాన్ని చేత్తో రెండుసార్లు నొక్కి వదలండి, స్ప్రింగులు సర్దుకుంటాయి. డిమ్ వేయండి. ఒక లైటుకు గోనెసంచో దుప్పటో అడ్డం పట్టుకుని రెండోది చూడండి. గుడ్డ లైటు మీద పరిచి వదిలేయకండి, వేడెక్కుతుంది.

గోడ మీద చదునైన గీత ఒకటి, అది ఎడమ వైపు మెట్టెక్కినట్టు పైకి లేవడం కనబడుతుంది. ఆ చదును భాగం టేపు ముక్క కన్నా 1.0% కారుకు 5 సెంటీమీటర్లు, 1.2% కారుకు 6 సెంటీమీటర్లు కింద ఉండాలి. మెట్టు మొదలయ్యే మూల టేపుకు దాదాపు తిన్నగా కింద ఉండాలి. రెండు లైట్లకూ విడివిడిగా రాసుకోండి. నేల మీది నుంచి కొలవవద్దు, దేని టేపు నుంచి దాన్నే కొలవండి.

మీ గ్యారేజీ తలుపు దగ్గర ఒక చిక్కు ఉంటుంది. మా అబ్బాయి ఇల్లు కొవెంట్రీలో. అక్కడ నేను ఆరు నెలలున్నాను. ఆ వీధిలో ఇళ్ల ముందర తలుపు దగ్గర గచ్చు చదునుగా ఉండి, రోడ్డు వైపు వాలుగా దిగుతుంది. నేల వాలుగా ఉండడం తప్పు కాదు. కారు నిలిచిన చోటు నుంచి గోడ మొదలు దాకా ఒకే వాలు అయితే కొలత సరిగ్గానే వస్తుంది. మధ్యలో వాలు విరిగితేనే మోసం. గోడ మొదలు నుంచి వెనక టైరు దాకా నేల మీద దారం బిగించి పట్టుకోండి. దారం కింద ఎక్కడైనా వేలు దూరితే, లేదా నేల ఉబ్బి దారాన్ని పైకి నెడితే ఆ చోటు పనికిరాదు. సూపర్‌మార్కెట్ కారు పార్కింగులో గోడ వెతుక్కోండి. మా వాడి ఇంటి ముందు నా దారం కింద పిడికిలి పట్టింది. పార్కింగులో దుప్పటి పట్టుకుని నిలబడితే కాపలా అతను వచ్చి ఏం చేస్తున్నారని అడిగాడు. చెప్పాను. తన కారు కూడా తెచ్చి చూపించాడు.

వాలు విరగడం వల్ల రెండు లైట్లూ ఒకే వైపు తప్పుతాయని గుర్తుంచుకోండి. కాబట్టి రెండూ 2 సెంటీమీటర్లు పైకి కనిపిస్తే నేలను అనుమానించాలి. ఎడమది 5 దగ్గర, కుడిది 0 దగ్గర ఉంటే అనుమానం అక్కర్లేదు. బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని చూసే అక్కడి ఎంఓటీ పరీక్షలో 850 మిల్లీమీటర్ల లోపు ఎత్తున్న లైటు గీత 0.5 శాతానికీ 2 శాతానికీ మధ్య పడాలి. కొత్త కారుకు ఆ పరీక్ష మూడేళ్లు నిండాకే వస్తుంది. అంటే మీ కుడి లైటును మూడేళ్లదాకా అడిగే దిక్కు లేదు, మీరు అడగకపోతే.

షోరూంలో ఏమని అడగాలో కూడా చెబుతాను. లైట్లు బాగాలేవు అనకండి. ఆ మాటకు ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చింది అనే జవాబే వస్తుంది. ఐదు మీటర్ల దూరంలో ఎడమది ఇంత, కుడిది ఇంత, బానెట్ కింద ఇంత రాసి ఉంది, బీమ్ సెట్టర్ మీద పెట్టి రెండింటి అంకెలు కాగితం మీద రాసివ్వండి అనండి. బీమ్ సెట్టర్ అంటే పట్టాల మీద జరిగే కటకం పెట్టె. ఎంఓటీ చేసే ప్రతి షెడ్డులో ఉంటుంది. ఇంకో రెండు చూడమనండి. కొన్ని కంపెనీలు ఓడల్లోనూ ట్రక్కుల మీదా కారు ఊగకుండా స్ప్రింగుల మధ్య ముక్కలు పెట్టి పంపుతాయి. అప్పగించే ముందు తీసేయాలి. ఒక పక్క మిగిలిపోయిందంటే కారు తల అటు ఎత్తుగా నిలుస్తుంది. రెండోది మీరే చూసుకోవచ్చు. బానెట్ కింద కుడి లైటును పట్టి ఉంచే బోల్టుల తలలు చూడండి. రంగు లేచి, పాన గీరిన మచ్చ ఉంటే ఆ లైటును ఎవరో ఒకసారి ఊడదీశారు. ఎడమ వైపు బోల్టులతో పోల్చి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

స్క్రూ మాట. ఉంటుంది. చాలా లైట్ల వెనక తెల్లటి నైలాను స్క్రూలు రెండుంటాయి, ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకు. వారంటీలో ఉన్న కారుకు, అందులోనూ ఎల్ఈడీ లైట్లున్న కారుకు, మీరు తిప్పవద్దనే నా మాట. బరువును బట్టి తనంతట తానే లైటు దించుకునే కార్లలో చక్రం ఉండదు, వెనక ఇరుసు దగ్గర ఒక సెన్సార్ ఉంటుంది, దాన్ని కంప్యూటర్ పెట్టి సున్నా చేశాకే స్క్రూ ముట్టుకోవాలి. మీకు చక్రం ఉంది గనుక అంత లేదు. అయినా అమ్మినవాడు చేయవలసిన పనిని మీ వారి చేత ఎందుకు చేయించాలి? పాత కారు అయితే వేరు. అప్పుడు కూడా స్క్రూ తల మీద పెన్సిలు గీత పెట్టుకుని, పావు మలుపు తిప్పి, గోడ చూసి, మళ్లీ పావు తిప్పాలి.

ఇక ఫ్రాన్సు. గోడ మీద గీత ఎడమ వైపు మెట్టెక్కుతుందని చెప్పాను కదా. మనకూ ఇంగ్లండుకూ అది రోడ్డు పక్క కాలిబాటను, బోర్డులను చూపించడానికి. సముద్రం కింది సొరంగం దాటి ఫ్రాన్సు ఒడ్డున కలే దగ్గర తేలగానే బండ్లన్నీ కుడి పక్కకు మారతాయి. మీ మెట్టు మటుకు ఎడమకే ఉంటుంది, అంటే ఎదురొచ్చేవాడి ముఖంలోకి. చక్రంతో దించితే సరిపోదు, మెట్టు అలాగే ఉంటుంది. కొత్త కార్లలో తెర మీద లైట్ల విభాగంలో ప్రయాణ అమరిక అని ఒకటి ఉంటుంది, అది మెట్టును చదును చేస్తుంది. లేకపోతే లైటు అద్దం మీద అంటించే నల్ల ముక్కలు దొరుకుతాయి. పుస్తకంలో ఎక్కడ అంటించాలో బొమ్మ వేసి ఉంటుంది. తిరిగొచ్చిన రోజే పీకేయండి, మరిచిపోయి ఆరు నెలలు తిరిగినవాళ్లను చూశాను. కారు వెనక పాత జీబీ గుర్తు ఇప్పుడు చెల్లదు, 2021 సెప్టెంబరు 28 నుంచి యూకే అని ఉండాలి. మెరిసే జాకెట్టు, త్రికోణం కారులో పెట్టుకోండి, ఫ్రాన్సులో అడుగుతారు.

ఒక మాట. మా వాడు కారు తీసుకున్న రోజు మా ఆవిడ నాలుగు నిమ్మకాయలు సంచిలో వేసుకుని వచ్చింది. షోరూం వాళ్లు పాపం ఏమీ అనలేదు, చక్రాల కింద పెట్టనిచ్చారు, ఒకమ్మాయి ఫోటో కూడా తీసుకుంది. నేను మాత్రం కుర్రాణ్ణి కారును ఎదురు గోడకేసి తిప్పి లైటు వేయమన్నాను. ఈ ముసలాయనకు ఏమైంది అన్నట్టు చూశాడు. ఎడమది రెండు వేళ్లు కింద ఉంది. అప్పుడే లోపలికి తీసుకువెళ్లి పది నిమిషాల్లో సరిచేసి తెచ్చారు. తాళం చేతికి రాకముందు పది నిమిషాల పని, వచ్చాక పది ఫోన్లు.

ప్రశ్న: కొత్తగా ఏడు సీట్ల బండి కొన్నాం. కంపెనీ లైటు పసుపుగా ఉందని దుకాణంలో ఎల్ఈడీ బల్బులు వేయించాను. తెల్లగా పగటిలా ఉంది. కానీ ఎదురొచ్చేవాళ్లు తిడుతున్నారు, వాన పడితే నాకే రోడ్డు కనపడటం లేదు. ఫోకస్ దించితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: సరిపోదు. తీసేసిన పాత బల్బు ఇంకా ఉంటే చేతిలోకి తీసుకుని చూడండి, గాజును మాత్రం వేలితో తాకవద్దు. హెచ్4 బల్బు అది. లోపల రెండు తీగలుంటాయి, బ్రైట్‌కు 60 వాట్లది, డిమ్‌కు 55 వాట్లది. డిమ్ తీగ కింద గోరంత లోహపు దొప్ప ఒకటి కనిపిస్తుంది. ఆ తీగ వెలుగు లైటు గిన్నె కింది సగం మీద పడితే అక్కడి నుంచి తిరిగి పైకి, ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. అది పడకుండా ఆపేది ఆ దొప్పే. మీ గిన్నెను, ముందరి అద్దాన్ని ఆ తీగ, ఆ దొప్ప ఉన్న చోటును మిల్లీమీటరు లెక్కన పట్టుకుని తయారు చేశారు. మీరు వేయించిన బల్బులో వెలుగు ఇంకోచోట పుడుతుంది. దాన్ని ఎంత దించినా గీత రాదు, వెలుగు చెల్లాచెదురవుతుంది. వానలో ఆ చెదిరిన తెలుపే చినుకుల మీద పడి మీ కళ్లలోకి తిరిగొస్తోంది.

మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వది ఈ సంగతే చెబుతుంది. లైటుకు 8 మీటర్ల ముందు, దాని కుడి అంచు నుంచి అర మీటరు కుడి పక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి కాంతి కొట్టకూడదు. మీ తమ్ముణ్ణి అక్కడ కాసేపు వంగి నిలబడమనండి, తెలుస్తుంది. నేను పనిలో చేరిన కొత్తలో లారీల, అంబాసిడర్ల లైటు అద్దం పై సగానికి నల్ల రంగు పూసేవాళ్లం. అందంగా ఉండేది కాదు, ఎదుటివాడి మీద ఆ మాత్రం దయ ఉండేది. పాత బల్బులు వేయించుకోండి. వెలుగు చాలలేదనిపిస్తే ముందు గోడ ముందు పెట్టి చూడండి. వంద బండ్లు వస్తే వెలుగు తక్కువని వచ్చిన వాటిలో ఎక్కువ వాటికి వంగిపోయిన లైటే కారణం, బల్బు కాదు.

ప్రశ్న: శుక్రవారం రాత్రి ఏడున్నరకు ముహూర్తం. షోరూంలో అప్పుడే కారు అప్పగిస్తామన్నారు. చీకట్లో తీసుకోవచ్చా, ఏమేమి చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముహూర్తానికి తాళం తీసుకోండి, కారును మాత్రం మధ్యాహ్నమే చూసి రండి. షోరూం దీపాల కింద గీతలూ సొట్టలూ కనపడవు, ఎండలో పక్క నుంచి వంగి చూడాలి. ఛాసిస్ నంబరు కారు మీద, ఫారం 21 అమ్మకపు పత్రం మీద, బీమా మీద ఒకటేనా అని అంకె అంకె పోల్చండి. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లది ఉండాలి, 2018 సెప్టెంబరు నుంచి అదే నియమం. టైర్ల పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఐదో టైరు, అదే స్టెప్నీ, మరిచిపోవద్దు. పాత సరుకు దాగేది దాని దగ్గరే. రెండో తాళం అడగండి.

రాత్రి ముహూర్తంలో ఒక లాభం ఉంది, లైట్లు చూడటానికి అంతకన్నా మంచి వేళ లేదు. పురోహితుడు కొబ్బరికాయ కొట్టే లోపు కారును గోడకేసి తిప్పించండి. పై జవాబు చదివారు కదా.

ప్రశ్న: కొత్త కారు, వాన పడిన మర్నాడు ఒక లైటు లోపల ఆవిరి పట్టింది. వారంటీలో మార్పిస్తారా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: అమ్మా, ఆవిరి అంటే ఎంత? అద్దం మీద ఊపిరి వదిలితే పట్టేటంత పల్చగా ఉండి, లైటు వేసి ఇరవై నిమిషాలు తిరిగితే పోతే అది జబ్బు కాదు. ఈ లైట్లకు ఊపిరి తీసుకునే చిన్న రంధ్రాలుంటాయి, తేమ వస్తుంది, పోతుంది. చుక్కలుగా కట్టి కిందికి జారుతున్నా, అడుగున నీళ్లు నిలిచినా, రెండు రోజులైనా పోకపోయినా మార్చమని అడగండి. పొద్దున బండి తీయకముందు ఫోటో తీసి ఉంచుకోండి, షోరూంకు చేరేసరికి ఎండకు ఆరిపోయి ఉంటుంది.